మినుప కట్టె మీద రివర్స్ గేరు

మా అక్క కుడిచేయి మళ్లీ కత్తెర పట్టాలి. ఆ ఏడు వానాకాలం చివర మా ఇంట్లో వాళ్లందరి బతుకూ ఆ ఒక్క కోరిక చుట్టూనే తిరిగింది.

అక్కది ఎల్లారెడ్డిలో బట్టలు కుట్టే దుకాణం. ఆ వీధిలో ఆడవాళ్ల జాకెట్ల కొలతలు ఆమెకు నోటికి వచ్చు. ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు చిక్కిపోయారో వాళ్ల ఇంట్లో వాళ్ల కంటే ముందు ఆమెకు తెలిసేది. ఒకనాడు పొద్దున మిషన్ ముందు కూర్చుని ఉండగానే కుడివైపు పడిపోయింది. నెల రోజుల్లో కాలు కొంత దారికి వచ్చింది. చేయి రాలేదు. కామారెడ్డిలో ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ మాతో మెత్తగానే చెప్పింది. మొదటి ఆరు నెలల్లో ఎంత వస్తే అంత, ఆ తర్వాత వచ్చేది తక్కువ. సోమవారం, గురువారం తప్పకుండా తీసుకురావాలి. నడుమ ఆపితే వచ్చింది కూడా వెనక్కి పోతుంది.

నేనుండేది కామారెడ్డిలోనే, కానీ మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. కాబట్టి అక్కను మా ఇంట్లో పెట్టుకునే వీలు లేదు. బస్సు మెట్లు ఎక్కబోయి ఆమె ఒకసారి పడింది. కిరాయి కారు మాట ఎత్తితే, "పరాయి మనిషి రెక్క వట్టి ఎక్కిస్తే నేనెక్కుతనారా? దానికంటే చెయ్యి పోవుడే నయం" అంది. అందుకని వారానికి రెండు రోజులు నేనే పొద్దున్నే ఎల్లారెడ్డి పోయి ఆమెను తెచ్చి, చూపించి, మళ్లీ దిగబెట్టి వచ్చేవాణ్ని. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆ రోజుల్లో నా క్లాసులన్నీ ఇంకో లెక్చరర్ నెత్తిన పడ్డాయి. చలనం గురించి పాఠం ఆయన చెబుతుంటే, చలించే పని నేను చేస్తుండేవాణ్ని.

కారు కొని ఏడాది అయింది. పాతదాన్ని మార్పిడిలో ఇచ్చేశాను. పాత కారుకు ఏమైనా అయితే చప్పుడు చేసేది. అది మొరాయిస్తే దిగి, బానెట్ ఎత్తి, ఏమీ తెలియకపోయినా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాణ్ని. దారిన పోయే వాళ్లెవరో ఆగి బాగుచేసేవారు. కొత్తది చప్పుడు చేయదు, మీటరు పక్కన దీపాలు పెడుతుంది. బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి, దాని మీద కంపెనీ గుర్తు. చూడడానికి ఏమీ లేని చోట ఎట్లా నిలబడాలో నాకూ తెలియదు, దారిన పోయేవాళ్లకూ తెలియదు. వాళ్లు ఆగడం మానేశారు.

ఆ గురువారం థెరపీ అయ్యాక అక్కను ఎల్లారెడ్డికి తీసుకుపోతున్నాను. లింగంపేట దాటాక రోడ్డు మీద సగం మేర మినుప కట్టె పరిచి ఉంది. మా వైపు అది మామూలే. కోసిన కట్టెను కాయలతో సహా రోడ్డు మీద పరిస్తే, పోయే వచ్చే బండ్ల టైర్ల కింద కాయలు పగిలి, పొద్దుగూకేసరికి గింజలు రాలుతాయి. రైతుకు కూలి తప్పుతుంది. పాత కారుతో నేను ఎంత పంట తొక్కించానో లెక్క లేదు. పుణ్యం ఖాతాలో నాకున్న ఏకైక జమ అదే.

పంగల కర్ర పట్టుకున్న ఒక అవ్వ రోడ్డు పక్క నుంచి చేయి ఊపింది.

"బిడ్డా, జర మీదికెల్లి పో. కార్లోళ్లందరు పక్కకెల్లే పోతున్నరు. మాకేమన్న రోగమున్నదా?"

అక్క ఎడమచేత్తో అద్దం దించి, "పోనియ్యి తమ్మీ. టైరు తాకితేనే గద కాయ పలుగుడు" అంది.

పోనిచ్చాను. అవ్వ వెంటే వచ్చింది.

"ఇంకోపారి ఎన్కకు రా బిడ్డా. మల్ల ముంగటికి పో. మబ్బు వడ్తున్నది, మల్ల ఎవ్వరొస్తరు?"

రివర్స్ గేరు వేశాను. వెనక ఏదో ఉందని కారు కీచుకీచుమంటూ మొత్తుకుంది. ఉందని నాకూ తెలుసు, మినుములు. ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి. అవ్వ సంబరంగా కర్రతో కట్టెను తిరగేస్తుంటే నాకూ ఉత్సాహం వచ్చింది. ముందుకు మాత్రమే పోయుంటే ఏమీ అయ్యేది కాదని తర్వాత తెలిసింది. వెనక్కి, ముందుకు తిరిగేసరికి ఆ పీచు తీగలు జడ అల్లినట్టు చక్రం వెనక చుట్టుకున్నాయి. అవ్వ దోసెడు మినుములు తెచ్చి అక్క ఒడిలో పోసింది. అక్క ఒంటిచేత్తో వాటిని కొంగులో చుట్టుకుంటుండగా నా ముందు ఒక దీపం వెలిగింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. ఎంత తొక్కినా కారు నలభై దాటలేదు.

"ఏందిరా, బతుకమ్మ కాడ వెట్టినట్టు గన్ని దీపాలు వెట్టింది?" అంది అక్క.

ఆమెను ఇంటి దగ్గర దింపి, నలభై మీదే కామారెడ్డి చేరాను. దారి పొడుగునా నన్ను దాటి పోయిన వాటిలో ఒక వరికోత మిషన్ కూడా ఉంది.

మర్నాడు కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఒకతను కారుకు లాప్‌టాప్ తగిలించాడు. మర్యాదగల మనిషి.

"ఎడమ దిక్కు ఎనక చక్రం తిరుగుతలేదని చూపిస్తున్నది సార్."

"తిరుగుతలేకుంటే నేను ఈడికెట్ల వచ్చిన?"

"మీరైతే వచ్చిండ్రు సార్. సిస్టమే ఒప్పుకుంటలేదు."

కారును పైకి లేపి చూపించాడు. చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో లెక్క చెప్పే సెన్సరుకు పోయే తీగ తెగి వేలాడుతోంది. వెన్నెముకలా నల్లటి తొడుగు, దాని లోపల సన్నని తీగలు రెండు. జానెడు పొడవు పాడైంది, అంతే. అది కలిపితే సరిపోతుంది కదా అన్నాను. కలపడం ఉండదు సార్, మార్చడమే, అన్నాడు. ఆ తీగ ఒక్కటే దొరకదు. వెనక భాగానికి పోయే తీగల కట్ట మొత్తం మార్చాలి. అది ఇక్కడ లేదు, ఆర్డర్ పెడితే ఆరు వారాలు. విడిభాగాలు విడిగా రావని నాకు అప్పుడే తెలిసింది.

"అప్పటిదాంక బండి ఈన్నే పెట్టుండ్రి సార్. బ్రేకుల సంగతి. రోడ్డు మీద తిప్పుండ్రని మేము చెప్పలేం. బయట ఎవరన్న ముట్టుకుంటే వారంటీ గూడ పోతది."

వారంటీ అంటే వారానికోసారి వాళ్లిచ్చే టీ అని ఇంట్లో జోకు వేసేవాణ్ని. ఆ రోజు కూడా కప్పులో టీ ఇచ్చారు. తాగుతూ లెక్క వేశాను. ఆరు వారాలంటే పన్నెండు సార్లు. ఆరు నెలల్లో ఇప్పటికే రెండు పోయాయి. పన్నెండు సార్లు వేళ్లు కదపకుండా ఉంటే మిగిలేది ఎంత? ఫిజిక్స్‌లో దానికి సూత్రం లేదు. ఆర్డర్ పెట్టమని చెప్పి, నా పూచీ మీద బండి తీసుకుపోతున్నానని రాసిన కాగితం మీద సంతకం చేశాను. సంతకం చేస్తుంటే 'బ్రేకులు' అన్న మాట మళ్లీ చెవిలో పడింది. అక్క చేయి కాపాడబోయి అక్కనే ప్రమాదంలోకి తోస్తున్నానేమోనన్న అనుమానం ఆ క్షణంలో పట్టుకుంది. తర్వాత చాలా రోజులు వదల్లేదు.

శనివారం ఎల్లారెడ్డిలో చాచా షెడ్డుకు పోయాను. నాగిరెడ్డిపేట బస్సులు మళ్లే చోట రేకుల షెడ్డు అది. పాత కారును పదేళ్లు బతికించిన మిస్త్రీ ఆయన. దాన్ని ఆయనకు చెప్పకుండా మార్పిడిలో ఇచ్చినప్పటి నుంచి మొహం చెల్లక ఆ రోడ్డున పోవడమే మానుకున్నాను.

"రా సార్, రా. కొత్తల్లుని లెక్క షోరూంల చాయ్ తాగుతున్నవట గద. మా చాయ్ ఎక్కుతదో లేదో."

"తాగుత గని చాచా, ముందు ఇది చూడు."

ఆయన చక్రం విప్పాడు. చాచా దగ్గర ఒక పద్ధతి ఉంది. బండి సొంతదారు పక్కన కూర్చుని టార్చి పట్టుకోకపోతే ఆయన స్పానర్ ముట్టడు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, పీట వేసుకుని కూర్చుని, ఆయన చెప్పిన చోటికి వెలుగు తిప్పాల్సిందే. "నీ బండి కడుపుల ఏమున్నదో నువ్వు చూడాలె. రేపు అడివిల ఆగితే నేనుండ గద" అంటాడు. నేను పట్టుకున్న టార్చి వెలుగులో ఆయన చేయి లోపలికి పోయి, ఎండిన మినుప తీగల ఉండ ఒకటి బయటికి లాగింది. అందులో పగలని కాయ ఒకటి మిగిలి ఉంది. వేళ్ల నడుమ నలిపి, గింజలు అరచేతిలో పోసుకుని చూశాడు.

"ఎన్నిసార్లు ఎన్కకు పోయినవ్?"

"ఏడు సార్లు."

"నువ్వు సదువు సెప్తవు గద."

"అవును. ఫిజిక్స్."

చాచా ఆ గింజలు నా అరచేతిలో పోసి, మళ్లీ చక్రం వైపు తిరిగాడు. అంతకంటే ఘాటైన తిట్టు నేను ఎరగను.

నాకు కావలసింది ఒక్కటే మాట. బ్రేకు పడుతుందా, లేదా?

"బ్రేకు వేరే సార్. బ్రేకు పడ్తది. తడి రోడ్డు మీద గట్టిగ తొక్కితే చక్రం బిగుసుకోకుంట సూసేది ఈ తీగ. ఇది లేకుంటే పాత బండి లెక్కనే, నువ్వే పైలంగ తొక్కాలె. గని అబద్ధమాడ. ఇసొంటి దాని మీద నేనెన్నడు చెయ్యి వెట్టలే. అయితది అని చెప్ప. సూస్త అని చెప్త."

మీటరు పెట్టి తీగల్లో కరెంటు చూశాడు. కొసలు గీకి శుభ్రం చేసి, కొత్త తీగ ముక్క వేసి కలిపాడు. టేపు చుట్టే ముందు అవసరం కంటే జానెడు ఎక్కువ తీగను మడిచి వదిలాడు.

"గంత ఎక్కువెందుకు చాచా?"

"రేపు నేను లేకున్నా ఇంకోడు విప్పాలె గద. బిర్రుగ కడ్తె మల్ల కోసుడే."

తన తర్వాత ఈ బండి కింద పడుకోబోయే ఇంకో మనిషిని తలుచుకుంటూ ఆయన పని చేస్తున్నాడు. ఈ కారును తయారుచేసిన పెద్ద చదువుల వాళ్లకు ఆ మనిషి తలపులోకే రాలేదు. తీగను తొడుగులో పోసి, తొడుగును కట్టలో కలిపి, కట్టను నేల కింద దాచారు. ఎవరూ విప్పరు, విప్పకూడదు, అన్నట్టు.

ఇంజను ఆన్ చేస్తే మూడు దీపాలూ అట్లాగే ఉన్నాయి. చాచా పక్క సీట్లో ఎక్కి కూర్చుని, "పోనియ్యి. నిలవడ్డకాడ దానికేం తెలుస్తది చక్రం తిరుగుతదని?" అన్నాడు. నాగిరెడ్డిపేట రోడ్డు మీద ఒక కిలోమీటరు పోయేసరికి ఒక దీపం ఆరింది. ఇంకొంచెం పోయాక మిగతా రెండూ ఆరాయి. కారు నలభై దాటింది.

"ఒప్పుకున్నది" అన్నాడు చాచా. అంతే. దారిలో నేను నాలుగుసార్లు బ్రేకు తొక్కి చూశాను. నాలుగోసారి, "చాలు సార్, నా మెడ ఇరుగుతది" అన్నాడు.

సోమవారం ఏ గొడవా లేకుండా గడిచింది. కానీ నేను రోడ్డు కంటే మీటరు వైపే ఎక్కువ చూశాను. గురువారం పొద్దున్నే ముసురు పట్టింది. అక్కను ఎక్కించుకుని ఎల్లారెడ్డి దాటి పది కిలోమీటర్లు పోయామో లేదో, నీళ్లు నిలిచిన ఒక గుంతలో చక్రం దిగి లేచింది. మూడు దీపాలూ వెలిగాయి.

కారు పక్కకు ఆపాను. వెనక్కి పోతే చాచా ఉన్నాడు, కానీ ఈ రోజు థెరపీ పోతుంది. ముందుకు పోతే ముప్పై కిలోమీటర్ల తడి రోడ్డు, పక్కన అక్క. డాక్టరమ్మ మధ్యాహ్నం ఇంకో ఊరికి వెళ్లిపోతుంది. అక్కతో ఏమీ చెప్పకూడదనుకుంటూనే మొత్తం చెప్పేశాను, ఆ బ్రేకుల మాటతో సహా.

ఆమె కాసేపు అద్దం మీద నీటి చారలు చూసింది.

"అంటే చక్రం తిరుగుతున్నది. గని తిరుగుతున్నదని దానికి ఎరుక లేదు."

"అవునక్కా."

"నా చెయ్యి లెక్కనే. ఉన్నదాయె. మెదడుకు ఎరుక లేదాయె. అట్లని బండి అమ్ముకుంటమా, నన్ను అమ్ముకుంటమా? మెల్లగ పో. నన్ను సూడకు, రోడ్డు సూడు."

మెల్లగా పోయాను. ఎంత మెల్లగా అంటే, ముందు పోతున్న ట్రాక్టరు ఎక్కడో అల్లంత దూరాన ఆగితే నేను ఇక్కడి నుంచే తొక్కడం మొదలుపెట్టాను. రెండు బండ్ల నడుమ ఒక మంద గొర్రెలు తీరిగ్గా రోడ్డు దాటాయి. వెనక లారీ డ్రైవరు హారను కొట్టి కొట్టి చివరికి దాటి పోతూ మావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎవరింట్లోనో ఏదో జరిగి ఉంటుందనుకున్నట్టున్నాడు.

గంట ఆలస్యంగా చేరాం. డాక్టరమ్మ సంచి సర్దుకుంటోంది. అక్క తడిసిన కాలు ఈడుస్తూ లోపలికి రావడం చూసి సంచి కింద పెట్టింది. ఇరవై నిమిషాలే అంది, అరగంట చేసింది. అక్క ఆ వారమంతా ఇంట్లో అవ్వ ఇచ్చిన మినుములు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి బొటనవేలూ చూపుడువేలుతో ఒక్కొక్కటే తీస్తూ ఉందట. పదింటిలో ఆరు మధ్యలోనే జారిపోయేవట. ఆ రోజు డాక్టరమ్మ ముందు నాలుగే జారాయి. డాక్టరమ్మ రాసుకుంది. నేను గోడ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాను. వాన కదా, మసకబారాయి.

సాయంత్రం చాచా టేపు విప్పితే లోపల నీటి చుక్క కనబడింది.

"తప్పు నాదే సార్. చక్రం ఎన్క అతుకు వెట్టిన. బురద కొడ్తదన్న ఆలోచనే రాలే. ఉమ్మర్ మీద పడ్డది, ముసలోణ్ని అయిన."

అతుకు మొత్తం కోసేశాడు. తీగను పొడిగించి, డిక్కీ లోపలికి, పొడిగా ఉండే చోటికి తెచ్చి అక్కడ టంకం పెట్టాడు. పైన సైకిల్ ట్యూబు ముక్క తొడిగాడు. మడత మాత్రం మళ్లీ వదిలాడు. నేను టార్చి పట్టుకున్నాను. ఈసారి ఆయన ఏమీ చెప్పకుండానే వెలుగు ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది. నా జీవితంలో నేర్చుకున్న మెకానిక్ పని అంతా అదే.

"షోరూం తీగకు తప్పే ఉండదంటరు. ఇగ దిద్దుడు యాడిది?" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. తర్వాత కారు వైపు చాలాసేపు చూశాడు. "నాకు దీనిదే ఫికర్ సార్. ఇంకో పదేండ్లకు లోపలి కంప్యూటర్ డబ్బా ఒక్కటి కరాబైతది. అప్పటికి కంపెనీ ఆ డబ్బా చేసుడు బంద్ చేస్తది. ఇంజను గుర్రం లెక్క ఉంటది, బండేమో తుక్కుకు పోతది. సచ్చిన ఇంజన్లను శానా లేపిన నేను. బతికున్నదాన్ని పాతివెట్టుడు మాత్రం ఎన్నడు సూడలే."

ఆ మాట విన్నాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. కారు కోసం కాదు. దానికి ఇంకా ఏళ్లు ఉన్నాయి. అక్కకు నాలుగు నెలలే ఉన్నాయి.

ఆరో వారంలో సర్వీసు సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. తీగల కట్ట వచ్చింది, బండి పెట్టి పోండి, నాలుగు రోజులు పడుతుంది, ఒక్కోసారి వారం. లోపలి సీట్లన్నీ తీయాలి, తర్వాత సిస్టంలో ఎక్కించాలి. అంతా సరిగ్గా జరిగితే బ్రేకుల గురించి నాకు ఇక భయం ఉండదు. కానీ ఒక గురువారమో, ఒక సోమవారమో పోతుంది. రెండూ కూడా పోవచ్చు.

"ఆరు నెలలైనంక తెస్త" అన్నాను.

"ఏ ఆరు నెలలు సార్? వారంటీదా?"

"కాదు. మా అక్కది."

రాసుకుంటున్న సార్, అన్నాడు. ఏమని రాసుకున్నాడో తెలియదు. తప్పు చేశానా అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు. చాచా అతుకు మళ్లీ మొండికేయలేదు. అయినా గుంత వచ్చిన ప్రతిసారీ నా కళ్లు దీపాల మీదికి పోయేవి, గుంతలకేమో మా రోడ్డు మీద కొదవ లేదు.

ఆరు నెలలు నిండిన వారం, సోమవారం థెరపీ అయ్యాక అక్కను దుకాణం దగ్గర దింపాను. ఇంటికి పోకుండా లోపలికి వచ్చి, బల్ల మీద జాకెట్ ముక్క ఒకటి పరిచింది. ఎడమచేత్తో చాక్‌పీసు గీతలు గీసింది. అవి ఎప్పటిలాగే తిన్నగా ఉన్నాయి. కుడిచేతి వేళ్లలోకి కత్తెర ఎక్కించడానికి ఎడమచేయి సాయం పట్టింది. నేను ముందుకు కదిలితే కళ్లతోనే ఆపింది.

కత్తెర కదిలింది. మెడ దగ్గర బాగానే తిరిగింది. చంక మలుపులో బొటనవేలు పట్టు తప్పి, కోత గీత దాటి లోపలికి పోయింది. అక్క ఆగి, ఆ ముక్కను ఎత్తి వెలుగులో చూసింది.

"చంక కాడ పోయింది" అంది. "నీకైతే సంచి కుట్టియ్యొచ్చు."

ఆరు నెలలు అయిపోయాయని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె ఇంకో ముక్క తీసి పరిచింది. ఈసారి అంచు కదలకుండా పట్టుకోమంది. పట్టుకున్నాను. ఈసారీ చంక దగ్గరే పోయింది, కానీ మొదటిసారి పోయినంత లోపలికి పోలేదు. ఆమె రెండు ముక్కలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, తేడాను వేలితో కొలిచింది.

"గురువారం జర జల్ది రా" అంది, మూడో ముక్క పరుస్తూ.

వస్తనన్నాను.